వీక్లీ ఆఫ్ ఠాణా గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోయింది? కొలిచి చూసే పోలీసింగ్‌లో ఎస్సై పాత్ర

వారానికి ఒక రోజు సెలవు ఇస్తామంటే వద్దనే కానిస్టేబుల్ ఎక్కడా ఉండడు. పండగైనా, పెళ్లయినా, పిల్లల స్కూల్లో మీటింగైనా ‘బందోబస్తు ఉంది’ అన్న జవాబే ఇంట్లోవాళ్లు వినే ఉద్యోగం అది. అయినా రాజస్థాన్‌లో కొన్నేళ్ల కింద జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో ఈ వీక్లీ ఆఫ్ నిలవలేదు. ఆదేశం రాష్ట్ర పోలీసు పెద్దల నుంచే వచ్చింది. సెలవు అందుకోవాల్సిన సిబ్బందికీ అది ఇష్టమే. ఈ ఇద్దరి మధ్య, ఎవరికి ఏ రోజు సెలవో చార్టు వేయాల్సిన మనిషి ఒకడున్నాడు. స్టేషన్ అధికారి. ప్రయోగం సాగేకొద్దీ ఆ చార్టు చాలా ఠాణాల్లో పక్కకు పోయింది.

మన దగ్గరా ఈ మాట కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు అది పెద్ద వార్తే అయింది. ఇలాంటి ప్రకటనలు వచ్చినప్పుడల్లా చర్చ ప్రభుత్వం చుట్టూ, బడ్జెట్ చుట్టూ, ఖాళీల చుట్టూ తిరుగుతుంది. రోస్టర్ వేసే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. పరిశోధకులు మాత్రం ఇరవై ముప్ఫై ఏళ్లుగా మళ్లీ మళ్లీ ఆ మనిషి దగ్గరికే వచ్చి ఆగుతున్నారు. ఎందుకో అర్థం కావాలంటే ముందు రెండు మాటల సంగతి తేల్చుకోవాలి.

‘రుజువు’ అంటే కోర్టులో చూపించేది కాదు

పోలీసుల నోట ‘ఎవిడెన్స్’ అన్న మాట వినగానే మనకు వేలిముద్రలు, పంచనామా, సాక్షులు గుర్తొస్తాయి. ఈ చర్చలో రుజువు అంటే అది కాదు. నేరస్తుడి మీద దొరికిన రుజువు గురించి కాకుండా, పోలీసుల పనితీరు మీద దొరికిన రుజువు గురించి ఇక్కడ మాట. రాత్రి గస్తీ పెంచితే దొంగతనాలు నిజంగా తగ్గాయా? భార్యను కొట్టిన భర్తను అరెస్టు చేస్తే మళ్లీ కొట్టడం మానుతున్నాడా? కౌన్సెలింగ్ ఇచ్చి పంపితే? ఇలాంటి ప్రశ్నలకు అలవాటు మీదో, పెద్దసారు నమ్మకం మీదో కాకుండా కొలిచి జవాబు వెతికి, ఆ జవాబు ప్రకారం పని నడిపించడాన్ని రుజువుల ఆధారిత పోలీసింగ్ అంటున్నారు. 1998లో అమెరికన్ నేరశాస్త్రవేత్త లారెన్స్ షెర్మన్ ఈ పేరుతో ఇచ్చిన ప్రసంగంతో మాట స్థిరపడింది. వైద్యంలో అప్పటికే నడుస్తున్న ఆలోచనను ఆయన పోలీసు పనికి తెచ్చాడు. తర్వాత ఆయనే దాన్ని మూడు పనులుగా విడగొట్టాడు. నేరం ఎక్కడ ముద్దకట్టి ఉందో అక్కడ గురిపెట్టడం, ఏ పద్ధతి పనిచేస్తుందో పరీక్షించడం, చెప్పిన పని జరుగుతోందో లేదో వెంటబడి చూడటం. మొదటి రెండూ విశ్లేషకులూ పరిశోధకులూ చేయగలరు. మూడోది రోజూ రోల్‌కాల్ తీసుకునే మనిషి పని.

ఆ మనిషి ఎవరన్నది రెండో చిక్కు. బ్రిటన్‌లో, అమెరికాలో జవాబు సులువు: సార్జెంట్. కొద్దిమంది కానిస్టేబుళ్ల మీద ఉంటాడు, షిఫ్టు మొదట్లో పనులు పంచుతాడు, వాళ్లు రాసిన రిపోర్టులు చదువుతాడు, తేడా వస్తే ముందు తిట్లు తినేదీ అతనే. మన దగ్గర సరిగ్గా ఆ కుర్చీ లేదు. హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై, ఎస్సై, ఇన్‌స్పెక్టర్ కలిసి ఆ పని పంచుకుంటారు. చట్టం మాత్రం ఒక్కరినే గుర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ పద్ధతి చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ, అంతకుముందున్న సీఆర్‌పీసీలోనూ ఎఫ్ఐఆర్ బాధ్యత ‘స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి’ది. పల్లె ఠాణాల్లో ఎక్కువచోట్ల ఎస్సై, నగరాల్లో ఇన్‌స్పెక్టర్. వాడుకలో ఎస్‌హెచ్‌ఓ. ఇంకో తేడా కూడా ఉంది. సార్జెంట్ ప్రధానంగా పర్యవేక్షకుడు. మన ఎస్సై పర్యవేక్షిస్తూనే కేసులు తానే దర్యాప్తు చేస్తాడు, కోర్టుకు తానే వెళ్తాడు, జాతరకు బందోబస్తు తానే చూస్తాడు. విదేశీ అధ్యయనాన్ని తెచ్చి ఇక్కడ అతికించేటప్పుడు ఈ తేడా మరిచిపోతే లెక్క తప్పుతుంది.

తగ్గింది సరే, దేనితో పోలిస్తే?

ఒక ఊహా ఠాణా తీసుకుందాం. జనవరిలో 14 టూవీలర్లు పోయాయి. పత్రికల్లో వచ్చింది, ఎస్పీ మందలించాడు. ఎస్సై రాత్రి గస్తీ రెట్టింపు చేశాడు. ఫిబ్రవరిలో 8 పోయాయి. నెలవారీ సమీక్షలో ‘గస్తీ పెంచడంతో దొంగతనాలు దాదాపు సగానికి తగ్గాయి’ అని చెప్పుకున్నాడు. అబద్ధం కాదు, అంకెలు నిజమే.

పక్క ఠాణా చూడండి. అక్కడ జనవరిలో 13 పోయాయి. ఎవరూ ఏమీ చేయలేదు. ఫిబ్రవరిలో 8 పోయాయి. దొంగల ముఠా ఊరు మారిందో, సంక్రాంతికి తాళాలేసి పోయినవాళ్లు తిరిగొచ్చారో, బాగా పెరిగిన అంకె తనంతట తానే మామూలుకు దిగిందో! చాలాసార్లు జరిగేది ఈ చివరిదే. మనం చర్య తీసుకునేది అంకె శిఖరం మీద ఉన్నప్పుడు, శిఖరం నుంచి ఎటు కదిలినా కిందికే.

అందుకే పరిశోధకులు పోలిక అడుగుతారు. ఇరవై ప్రాంతాలుంటే చీటీలు తీసి పదింటిలో గస్తీ పెంచు, పదింటిని ఉన్నట్టే ఉంచు, రెండు గుంపులనూ పోల్చు. ఎస్సై చెవికి ఇది వింతగా వినిపిస్తుంది. ‘అక్కడ దొంగతనాలు జరుగుతుంటే చీటీలో రాలేదని పోకుండా ఉండాలా?’ అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి పరిశోధకుడి జవాబు కూడా తీసిపారేసేది కాదు: గస్తీ పనిచేస్తుందని తెలిసి ఆపడం తప్పు, పనిచేస్తుందో లేదో తెలియనప్పుడు ఉన్న రెండు బండ్లనూ ఒకే నమ్మకం మీద తిప్పుతూ పోవడం అంతకంటే ఖరీదైన తప్పు.

కాన్సస్ సిటీ నుంచి శాక్రమెంటో దాకా, విసుగు చరిత్ర

ఈ రంగంలో మొదట చెప్పుకునే ప్రయోగం అమెరికాలోని కాన్సస్ సిటీది. 15 బీట్లను, అంటే గస్తీ కోసం విడగొట్టిన ప్రాంతాలను, మూడు గుంపులు చేశారు. ఐదింటిలో మామూలు గస్తీ, ఐదింటిలో రెండు మూడు రెట్లు, మిగతా ఐదింటిలో ఫోన్ వస్తే తప్ప వెళ్లకూడదు. ఏడాది తర్వాత చూస్తే నేరాల్లో, జనం భయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 1974లో నివేదిక వచ్చాక ‘పోలీసు కారు ఊరికే తిరిగితే ఉపయోగం లేదు’ అన్న మాట ప్రపంచమంతా పాకింది.

అంతగా పాకని సంగతి ఒకటుంది. ఈ ప్రయోగం 1972 జూలైలో మొదలై కొద్ది వారాల్లోనే చెదిరింది. సరిపడా మనుషులు లేరు, వెళ్లొద్దన్న బీట్లలోకి బండ్లు వెళ్లాయి, ఫోన్ వస్తే తప్ప కదలొద్దన్న పోలీసులకు విసుగు పుట్టింది. ఆపేసి, నిబంధనలు సవరించి, మళ్లీ శిక్షణ ఇచ్చి అక్టోబరులో తిరిగి మొదలుపెట్టారు. రాత్రి షిఫ్టులో ఏ బండి ఏ గీత దాటిందో పరిశోధకుడి కంటే ముందు కనిపెట్టగలవాడు సార్జెంటే.

తర్వాతి మలుపు అమెరికాలోనే మినియాపొలిస్ నగరం. ఊళ్లోని చిరునామాల్లో సుమారు 3 శాతం నుంచే పోలీసు కాల్స్‌లో సగం వస్తున్నాయని 1989లో తేలింది. అలాంటి 110 చోట్లను ఎంచి, సగం చోట్ల పోలీసు ఉనికి పెంచితే అక్కడ కాల్స్ తగ్గాయి. ఆ సమాచారాన్నే తవ్విన పరిశోధకుడు క్రిస్టఫర్ కోపర్ 1995లో ఇంకో సంగతి బయటపెట్టాడు: పోలీసు ఒకచోట సుమారు 10 నుంచి 15 నిమిషాలు ఉండి వెళ్తే ఆ తర్వాత కొంతసేపు అక్కడ ప్రశాంతంగా ఉంటుంది. అంతకంటే ఎక్కువసేపు నిలబడితే అదనపు లాభం తగ్గుతూ పోతుంది. అలా దాటిపోతూ తల తిప్పి చూస్తే సరిపోదు, గంటల తరబడి కుర్చీ వేసుకుని కూర్చోనూ అక్కర్లేదు.

2009 వేసవిలో ఫిలడెల్ఫియా పోలీసులు కొత్తగా చేరిన జతలను 60 గస్తీ ప్రాంతాల్లో నడిపించారు. పోలిక ప్రాంతాలతో చూస్తే హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. మంచి ఫలితమే. ప్రయోగం ముగిశాక ఆ లాభం నిలవలేదు. వారాలు గడిచేకొద్దీ నడిచేవాళ్లు తమకు గీసిన హద్దులు దాటి చుట్టుపక్కల తిరగడం మొదలుపెట్టారని తర్వాతి విశ్లేషణలో బయటపడింది. రోజుకు ఎనిమిది గంటలు అవే నాలుగు వీధులు. ఎవరికైనా కాళ్లు పక్క వీధికి లాగుతాయి.

శాక్రమెంటోలో 2011లో జరిగిన ప్రయోగం ఈ వరసలో ప్రత్యేకం, ఎందుకంటే దాన్ని నడిపింది బయటి ప్రొఫెసర్ కాదు. రెనే మిచెల్ అనే సార్జెంట్, తన సొంత శాఖలో. 42 చోట్లను రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుకు 90 రోజుల పాటు పావుగంట చొప్పున గస్తీ పంపారు. ఎటు ముందు వెళ్లాలో వరస కూడా లాటరీ పద్ధతిలోనే బండిలోకి వచ్చేది. కోపర్ లెక్క అక్కడ పనిచేసింది. గస్తీ వెళ్లిన చోట్ల తీవ్ర నేరాలు తగ్గాయి, పోలిక చోట్ల పెరిగాయి. మిచెల్ తర్వాత 2015లో మొదలైన అమెరికన్ రుజువుల ఆధారిత పోలీసింగ్ సంఘం స్థాపకుల్లో ఒకరయ్యారు. షిఫ్టు ఎలా నడుస్తుందో, ఎవరు ఎక్కడ టీ తాగుతారో తెలిసిన మనిషే ప్రయోగం రాస్తే పని ఎక్కడ జారిపోతుందో ముందే కట్టడి చేసుకుంటుంది. శాక్రమెంటోలో నాకు ముఖ్యంగా కనిపించేది అదే.

రెండు బండ్లు, ఎనిమిది చోట్లు: ఎస్సై లెక్క

ఆ పావుగంట సూత్రాన్ని మన ఊహా ఠాణాకు తెద్దాం. సాయంత్రం 6 నుంచి అర్ధరాత్రి 12 దాకా గొడవలు ముద్దకట్టే చోట్లు ఎనిమిది: బస్టాండు, రెండు వైన్‌షాపులు, కాలేజీ గేటు, సంత వీధి, ఇలా. రెండు గంటలకోసారి ఒక్కోచోట పావుగంట ఉండాలి. అంటే ఒక్కోచోటికి మూడుసార్లు, మొత్తం 24 సార్లు. దారిలో ఐదు నిమిషాలు కలిపితే ఒక్కోదానికి 20 నిమిషాలు. వెరసి 480 నిమిషాలు, ఎనిమిది గంటల బండి సమయం.

రెండు బండ్లు ఆరేసి గంటలు, పన్నెండు గంటలున్నాయి. ఎనిమిది పోగా నాలుగు గంటలు అత్యవసర కాల్స్‌కి మిగులుతాయి. కాగితం మీద కుదిరింది.

ఏడున్నరకు కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్. మంత్రిగారి కాన్వాయ్‌కి ఒక బండి పంపాలి. ఇప్పుడు మిగిలింది ఒక్క బండి, నాలుగున్నర గంటలు. కాల్స్ మాత్రం తగ్గవు. ఎస్సై ఇప్పుడేం చేస్తాడు? ఎనిమిది చోట్లలో మూడే చూడమంటాడా? పావుగంటను ఐదు నిమిషాలకు కుదిస్తాడా? ‘వీలైనంత చూడండి’ అని ఫోన్ పెట్టేస్తాడా? బీట్ పుస్తకంలో సంతకాలు మాత్రం ఎనిమిది చోట్లా ఉంటాయి, ఎందుకంటే రేపు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తిప్పి చూసేది సంతకాలనే. పుస్తకం నిండింది, పావుగంట నిలవలేదు. మూడు నెలల తర్వాత ఎవరైనా లెక్క తీసి ‘ఈ పద్ధతి మన దగ్గర పనిచేయలేదు’ అంటారు. పద్ధతి పనిచేయలేదా, అసలు జరగలేదా అన్నది ఆ లెక్కలో కనిపించదు. మొదటిదాన్ని సిద్ధాంత వైఫల్యం, రెండోదాన్ని అమలు వైఫల్యం అని పరిశోధకులు వేరుచేస్తారు. ఆ తేడా తెలిసిన ఒకే ఒక్క మనిషి ఎస్సై, అతన్ని ఎవరూ అడగరు.

స్కాట్లండ్‌లో మర్యాద బెడిసికొట్టింది

కథ ఎప్పుడూ ‘పని జరగలేదు’ అన్నదే కాదు. కొన్నిసార్లు పని జరిగే తీరు మారిపోతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండ్‌లో రోడ్డు మీద మద్యం తనిఖీలు 60 తీసుకుని, సగంలో పోలీసులకు ఒక పద్ధతి ప్రకారం మాట్లాడమని చెప్పారు. ఎందుకు ఆపామో వివరించడం, ఎవరినీ ప్రత్యేకంగా ఎంచి ఆపలేదని చెప్పడం, డ్రైవర్‌ని మాట్లాడనివ్వడం, మర్యాదగా సాగనంపడం. ఆ కొద్దిపాటి తేడాకే డ్రైవర్లకు పోలీసుల మీద అభిప్రాయం మెరుగుపడింది. వింటేనే ముచ్చటగా ఉంటుంది.

అదే ఆలోచనను స్కాట్లండ్‌లో ట్రాఫిక్ పోలీసులతో 2013 చివర్లో పరీక్షించారు. మెరుగు లేదు సరికదా, పద్ధతి పాటించాల్సిన బృందాలు ఆపిన డ్రైవర్ల తృప్తి కొంత తగ్గింది. పరిశోధకులు వెనక్కి వెళ్లి పోలీసులతోనే మాట్లాడారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే స్కాట్లండ్‌లోని ఎనిమిది పోలీసు దళాలను కలిపి ఒకటి చేశారు. మార్పుల మీద మార్పులు. ఈ ప్రయోగం ఎందుకో, ఎలాగో పై నుంచి కిందికి దిగే దారిలో చాలా జారిపోయింది. ‘మాకు మర్యాద నేర్పిస్తారా, ఇన్నాళ్లూ మేం చేస్తున్నదేంటి’ అన్న చిరాకు చాలామందిలో ఉంది. మమ్మల్ని అడక్కుండా, వివరించకుండా జనానికి మాత్రం వివరించమంటున్నారు అన్న వైరుధ్యం వాళ్లకు కొట్టొచ్చినట్టు కనపడింది. దాన్ని విడమరచి చెప్పాల్సింది దగ్గరి అధికారి. అతనికీ సగమే తెలిసినప్పుడు ఆ చిరాకు అద్దం దించిన డ్రైవర్ దాకా వెళ్తుంది.

రాజస్థాన్: ఏది నిలిచింది, ఏది జారిపోయింది

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. రాజస్థాన్ ప్రయోగం 11 జిల్లాల్లో 162 పోలీస్ స్టేషన్లలో జరిగింది. నడిపినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ దుఫ్లో ఉన్నారు. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న జంట. వాళ్లతోపాటు ఐపీఎస్ అధికారి నీనా సింగ్. ఆమె 2023 డిసెంబరులో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి (సీఐఎస్ఎఫ్) తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు.

కొన్ని సంస్కరణలను లాటరీ పద్ధతిలో వేర్వేరు ఠాణాలకు పంచారు. బదిలీలు ఆపడం, సిబ్బందికి శిక్షణ, వీక్లీ ఆఫ్, డ్యూటీలు అందరికీ వంతులవారీగా తిప్పడం, ఊరివాళ్లను పరిశీలకులుగా ఠాణాలో కూర్చోబెట్టడం. మొదటి రెండూ ఫలితమిచ్చాయి. బాధితుల తృప్తి, జనంలో పోలీసుల పట్ల ఉండే భయం లాంటి కొలతల్లో మెరుగు కనిపించింది. మిగతా మూడింటికీ నికరమైన ఫలితం తేలలేదు.

తేడా ఎక్కడుందో చూడండి. బదిలీలు ఆపాలంటే జైపూర్‌లో ఒక ఆర్డరు చాలు. శిక్షణకు మనిషిని పంపితే అయిపోయింది. ఈ రెండూ ఠాణా గోడ బయట జరిగేవి. వీక్లీ ఆఫ్, డ్యూటీల వంతు, ఊరి పరిశీలకులు మాత్రం గోడ లోపల, రోజూ, నెలల తరబడి, స్టేషన్ అధికారి సహకారంతో నడవాలి. పైగా ఆ మూడూ అతని చేతిలోని అధికారాన్ని కొంత కోస్తాయి. ఎవరికి సెలవివ్వాలి, ఎవరిని సెంట్రీలో నిలబెట్టాలి, ఎవరిని కేసుల పనికి వాడుకోవాలి అన్న నిర్ణయాలే ఠాణాలో అధికారానికి రూపం. సెలవు హక్కయితే, సెలవిచ్చి సంపాదించుకునే విధేయత పోతుంది.

ఇక్కడ స్టేషన్ అధికారిని విలన్ చేయడం సులువు. అతని వైపు నుంచి కూడా చూడాలి. మంజూరైన పోస్టుల్లో కొన్ని ఖాళీ, ఉన్నవాళ్లలో కొందరు డెప్యుటేషన్ మీద, ఇద్దరు కోర్టు డ్యూటీలో. రేపు గొడవ జరిగి మనుషులు చాలకపోతే సస్పెండయ్యేది వీక్లీ ఆఫ్ ఆర్డరు ఇచ్చిన అధికారి కాదు, తాను. అలాంటప్పుడు చేతిలో మనుషుల్ని దాచుకోవడం అతనికి జాగ్రత్తే. బదిలీల సంగతి కూడా అతని మీదికే వస్తుంది. పోలీసు సంస్కరణల మీద నడిచిన ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని చెప్పింది. ఎప్పుడు మారుస్తారో తెలియని మనిషికి ఆరు నెలల ప్రయోగం మీద ఆసక్తి ఎలా ఉంటుంది?

అదే బృందం తర్వాత రాజస్థాన్‌లోనే డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీల మీద ఇంకో ప్రయోగం చేసింది. హైదరాబాద్‌లో శనివారం రాత్రి బండి నడిపేవాళ్లకు దీని సారం చెప్పక్కర్లేదు. తనిఖీ రోజూ ఒకేచోట ఉంటే తాగినవాడు పక్క సందులోంచి పోతాడు. 183 ఠాణాల పరిధిలో కొన్నిచోట్ల ఒకే స్థలంలో, కొన్నిచోట్ల మూడు స్థలాల మధ్య మార్చి మార్చి తనిఖీ పెట్టారు. మార్చినచోట రాత్రి ప్రమాదాలు 17 శాతం, రాత్రి మరణాలు 25 శాతం తగ్గాయి. ఒకేచోట పెట్టినవాటికి చెప్పుకోదగ్గ ఫలితం లేదు.

ఈ ప్రయోగంలో పత్రికలు అంతగా పట్టించుకోని భాగం ఇంకొకటుంది. కొన్నిచోట్ల తనిఖీని మామూలు ఠాణా సిబ్బందికి అప్పగించారు. కొన్నిచోట్ల పోలీస్ లైన్స్ నుంచి, అంటే మన ఏఆర్ (సాయుధ రిజర్వు) లాంటి బలగం నుంచి, ఇదే పని మీద ప్రత్యేక బృందాలను పంపి, బండికి జీపీఎస్ పెట్టారు. లైన్స్ బృందాలు పనిని మెరుగ్గా చేశాయి. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ‘ఠాణాని దాటవేసి ప్రత్యేక బృందం పెడితేనే పని అవుతుంది’ అన్నది ఒకటి. ‘ఒక్క పనే అప్పగించి, ఆ పనినే చూసి మెచ్చుకుంటే ఎవరైనా బాగా చేస్తారు, ఠాణావాళ్లకు ఆ అవకాశం ఎప్పుడిచ్చారు’ అన్నది రెండోది. నా మొగ్గు రెండోదాని వైపు. అయితే ప్రయోగం ఆ ప్రశ్న తేల్చలేదు.

పర్యవేక్షణనే పరీక్షకు పెడితే

ఇంతవరకూ పర్యవేక్షకుడు వేరే ప్రయోగాలకు దారిగానో, అడ్డుగానో కనిపించాడు. అతని పనితీరునే కొలిచినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని ఇండియానాపొలిస్, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరాల్లో 1990ల్లో 81 మంది క్షేత్ర పర్యవేక్షకులను గమనించి నేరశాస్త్రవేత్త రాబిన్ ఎంగెల్ నాలుగు తీరులు గుర్తించారు. రూల్సు పట్టుకుని నడిపేవారు, కొత్త పద్ధతులను ప్రోత్సహించేవారు, సిబ్బందికి గొడుగు పట్టేవారు, తామే రోడ్డెక్కి ముందుండి పనిచేసేవారు. కింది సిబ్బంది ప్రవర్తన మీద గట్టి ముద్ర వేసింది ఈ నాలుగోరకమే. వాళ్ల కింద పనిచేసేవాళ్లు చొరవగా చేసే పని ఎక్కువ. బలప్రయోగం కూడా ఎక్కువే. పైవాడు చేసేది కిందివాడు చేస్తాడు, మంచీ చెడూ రెండూ.

సియాటిల్‌లో ఇంకోరకం ప్రయత్నం జరిగింది. కొందరు పోలీసులను లాటరీ పద్ధతిలో ఎంచి, వాళ్లు హాజరైన ఏదో ఒక మామూలు సంఘటన గురించి పై అధికారి కూర్చుని మాట్లాడాడు. విచారణ కాదు, మెమో కాదు. ఏం జరిగింది, నువ్వేం ఆలోచించావు, ఇంకోలా చేయొచ్చా అన్న సంభాషణ. జనంతో ఎలా మాట్లాడమంటున్నారో అలాగే వాళ్లతో మాట్లాడటం. ఆ తర్వాత వారాల్లో వాళ్లు సంఘటనలను అరెస్టుతో ముగించడం, బలప్రయోగం చేయడం తగ్గింది. మన ఠాణాల్లో ‘సార్ పిలుస్తున్నారు’ అంటే కానిస్టేబుల్ టోపీ సర్దుకుంటూ ఏం తప్పు చేశానా అని గుర్తుచేసుకుంటాడు. ఆ పిలుపు ఇంకో పనికి కూడా వస్తుందని చూపించిన అధ్యయనం ఇది.

అనుభవం వైపు వాదన, కొలత వైపు వాదన

పాతికేళ్ల సర్వీసున్న హెడ్ కానిస్టేబుల్ బజారులో కొత్త ముఖాన్ని చూసి పట్టేస్తాడు. ఏ ఇంట్లో గొడవ మాటలతో పోతుందో, ఎక్కడ రక్తం దాకా వెళ్తుందో అతనికి తెలుసు. ఇది ఏ పట్టికలోకీ ఎక్కదు. రుజువుల ఉద్యమం ఈ తెలివిని తక్కువ చేస్తోందన్న విమర్శ పోలీసుల నుంచే కాదు, విద్యావేత్తల నుంచీ ఉంది. హార్వర్డ్‌లో బోధించే, బ్రిటన్‌లో ఒకప్పుడు పోలీసుగా పనిచేసిన మాల్కమ్ స్పారో ఇలా అడుగుతాడు: నెలల తరబడి సాగే ప్రయోగాల కోసం కూర్చుంటే, చిన్న చిన్న సమస్యలను అప్పటికప్పుడు పరిష్కరించే పని ఏమవుతుంది?

ఇటువైపు జవాబుకు గట్టి ఉదాహరణ గృహహింసది. మినియాపొలిస్‌లో 1981–82లో ఇలాంటి పిలుపులకు వెళ్లిన పోలీసులకు రంగు రంగుల ఫారాల పుస్తకం ఇచ్చారు. ఏ రంగు వస్తే ఆ పని చేయాలి: అరెస్టు, సలహా, లేదా కొన్ని గంటలు ఇంటి నుంచి పంపేయడం. పోలీసు రికార్డుల ప్రకారం ఆరు నెలల్లో మళ్లీ హింస జరిగింది అరెస్టయినవారిలో 10 శాతం, సలహా పొందినవారిలో 19 శాతం, పంపేసినవారిలో 24 శాతం కేసుల్లో. ‘ఇంటి గొడవ, మేమెందుకు’ అన్న తరాల అనుభవం అక్కడ తప్పని తేలింది. వెంటనే అనేక రాష్ట్రాలు అరెస్టు వైపు మళ్లాయి. తర్వాత వేరే నగరాల్లో అదే ప్రయోగం చేస్తే ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. మిల్వాకీలో ఉద్యోగమున్నవాళ్ల మీద అరెస్టు పనిచేసింది, లేనివాళ్ల విషయంలో ఎదురు తిరిగింది. అంటే మొదటి ఫలితాన్నే పట్టుకుని చట్టాలు రాసినవాళ్లు తొందరపడ్డారు. ‘మనిషిని బట్టి చూడాలి’ అన్న పాత హెడ్ కానిస్టేబుల్ మాట ఇంకో దారిలో తిరిగొచ్చింది. ఈసారి ఏ మనిషికి ఏది అన్నదానికి లెక్క తోడైంది.

లెక్క రాసేవాడే లెక్కలో ఉన్నప్పుడు

మన దేశంలో ఈ విషయానికి ఇంకో ముడి ఉంది, బహుశా అన్నిటికన్నా గట్టిది. కొలత అంటే నేరాల సంఖ్య. సంఖ్య అంటే నమోదైన ఎఫ్ఐఆర్‌లు. నమోదు చేయాలా వద్దా అన్నది ఆచరణలో స్టేషన్ అధికారి చేతిలో ఉంది. అదే సంఖ్యను బట్టి అతని పనితీరు తూచితే, కేసు తక్కువ రాసేవాడు మంచి అధికారిగా కనిపిస్తాడు. గుర్తించదగిన నేరం, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయినా ‘పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి’ అన్న మాట వినని ఊరు లేదు.

కాబట్టి నమోదు పెరిగితే నేరం పెరిగినట్టు కాదు. మధ్యప్రదేశ్‌లో 180 ఠాణాల్లో మహిళా హెల్ప్ డెస్కుల మీద జరిగిన అధ్యయనం దీన్ని తలకిందులుగా వాడుకుంది. 2.34 కోట్ల జనాభా ఉన్న ప్రాంతం అది. అక్కడ మహిళల కేసుల నమోదు పెరగడమే విజయం. డెస్కు పెట్టినచోట నమోదు పెరిగింది. ఎఫ్ఐఆర్‌ల విషయంలో ఆ పెరుగుదల ముఖ్యంగా మహిళా అధికారులు నడిపిన డెస్కుల నుంచి వచ్చింది. ఒకే బల్ల, ఒకే ఆదేశం, కుర్చీలో ఎవరున్నారన్నదే తేడా.

రాజస్థాన్ బృందం దగ్గర ఈ ముడికి ఒక చిన్న ఉపాయం ఉండేది. సర్వే మనుషులు బాధితుల్లా ఠాణాకు వెళ్లి ‘సార్, నా ఫోన్ పోయింది’ లాంటి ఫిర్యాదు ఇచ్చేవారు. రాసుకోవడానికి ఒప్పుకుంటే, కాగితం మీద తప్పుడు కేసు పడకముందే తామెవరో చెప్పేసేవారు. పై నుంచి నిఘా కాదు, కొత్త రిజిస్టర్ కాదు, స్టేషన్ అధికారి సహకారంతో పని కూడా లేదు. అలా ఒకసారి పరీక్షకు గురైన ఠాణాల్లో తర్వాత వచ్చిన ఫిర్యాదులు రాసుకోవడం మెరుగైంది. రేపు ఎదురుగా చెప్పులు విప్పి నిలబడిన మనిషి నిజంగా బాధితుడో, లెక్క కోసం వచ్చినవాడో బల్ల వెనక ఫిర్యాదులు రాసుకునే రైటర్‌కి తెలిసే దారి లేదు మరి.